ముంగిట్లో చిరుదీపం

ఉద్దేశం

ఇంటి లోపలి విద్యుత్తు విషయంలో మనం చూపే జాగ్రత్తను ఇంటి వెలుపల చూపము. వానకు తడిసే ముంగిలిలో, పెరటిలో, తోటలో దీపాలను ఎలా అమర్చుకోవాలి, వాటికి అల్ప వోల్టేజి విద్యుత్తు ఎందుకు మేలైనది, వెలుతురుకు హద్దు ఎందుకు ఉండాలి అనే విషయాలను విశాఖపట్నం నేపథ్యంలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సంధ్యవేళ తులసికోట ముందు ప్రమిద వెలిగించడం, వీధిగుమ్మం పక్క గూటిలో దీపం ఉంచడం, కార్తిక మాసంలో ఆలయ ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తడం తెలుగువారికి తరతరాలుగా వస్తున్న ఆచారాలు. ఈ దీపాలను భక్తి దృష్టితో చూడటం మనకు అలవాటు. ఉపయోగ దృష్టితో చూసినా వాటిలో ఒక వివేకం కనిపిస్తుంది. ప్రమిద చిన్నది. అది కావలసిన చోటనే వెలుగుతుంది. నూనె ఉన్నంతసేపే వెలుగుతుంది. గడప ఎక్కడుందో, మెట్టు ఎక్కడుందో చూపడానికి ఆ పాటి వెలుతురు చాలు. చీకటిని పూర్తిగా తరిమివేయాలన్న పంతం దానికి లేదు.

విద్యుత్తు వచ్చాక ఈ పద్ధతి మారింది. ప్రహరీగోడపై పెద్ద హాలోజన్ దీపాన్ని బిగించి, వీధి అంతటికీ వెలుతురు పంచడం కొందరికి గొప్పగా తోచింది. ఇంటి లోపల వాడే 230 వోల్టుల తీగనే కిటికీ గుండా బయటికి లాగి, మామిడిచెట్టు కొమ్మకు చుట్టి, పెరటి బావి దగ్గర ఒక బల్బు తగిలించడం మరికొందరికి సులభంగా తోచింది. ఈ రెండు పద్ధతులలోనూ లోపం ఉంది. మొదటిదానిలో వెలుతురుకు హద్దు లేదు. రెండవదానిలో ప్రాణానికి రక్షణ లేదు. ఈ రెండు లోపాలకూ సమాధానం చెప్పగల సాధనం అల్ప వోల్టేజి దీపవ్యవస్థ.

రెండు ఘటనలు - ఒక మలుపు

2014 అక్టోబరు 7న భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించారు. శక్తిని పొదుపుగా వాడుకునే నీలికాంతి డయోడును కనిపెట్టినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు ఆ గౌరవం దక్కింది. ఎరుపు, ఆకుపచ్చ కాంతినిచ్చే డయోడులు అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉన్నాయి. నీలికాంతి డయోడు వచ్చిన తరువాతనే తెల్లని వెలుతురునిచ్చే ఎల్.ఇ.డి. దీపం సాధ్యమైంది.

సరిగ్గా అయిదు రోజుల తరువాత, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి చెట్లు కూకటివేళ్లతో పెకలించుకొని పడిపోయాయి. విద్యుత్ స్తంభాలు ఒరిగిపోయాయి. తీగలు తెగి రోడ్లపై పడ్డాయి. ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి పేరుగాంచిన మహానగరం కొన్ని రాత్రులపాటు చీకటిలో గడిపింది. కొన్ని ప్రాంతాలలో రోజుల తరబడి విద్యుత్ సరఫరా జరగలేదు.

ఆ విపత్తు తరువాత నగరాన్ని పునర్నిర్మించేటప్పుడు వీధిదీపాల స్వరూపం మారిపోయింది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల భాగస్వామ్యంతో ఏర్పడిన ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ సహకారంతో మహావిశాఖ నగరపాలక సంస్థ 90 వేలకు పైగా వీధిదీపాలను ఎల్.ఇ.డి. దీపాలుగా మార్చింది. ఇంత పెద్ద ఎత్తున ఈ మార్పును చేపట్టిన తొలి భారతీయ నగరాలలో విశాఖపట్నం ఒకటి. గాలికి కూలే స్తంభాలకు, తెగిపడే తీగలకు ప్రత్యామ్నాయంగా, నగరంలోని పలు ప్రాంతాలలో ప్రపంచబ్యాంకు సహాయంతో భూగర్భ విద్యుత్ తీగలను కూడా వేశారు. వీధులలో నగరం నేర్చుకున్న ఈ పాఠాన్ని ఇంటి ముంగిలికి అన్వయించుకోవడం మన వంతు.

తడినేల - 230 వోల్టులు

మన ఇళ్లకు సరఫరా అయ్యేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. పొడిగా ఉన్న గదిలో చెప్పులు వేసుకొని నిలబడిన మనిషికీ, వానలో తడిసిన నేలపై వట్టికాళ్లతో నిలబడిన మనిషికీ ఈ విద్యుత్తు వలన కలిగే ప్రమాదం ఒకటి కాదు. చర్మం పొడిగా ఉన్నపుడు శరీరం విద్యుత్ప్రవాహాన్ని గట్టిగా నిరోధిస్తుంది. తడిసినపుడు ఆ నిరోధం బాగా తగ్గి సుమారు 1000 ఓమ్‌లకు దిగవచ్చు.

ఓమ్ నియమం ప్రకారం వోల్టేజిని నిరోధంతో భాగిస్తే విద్యుత్ప్రవాహం వస్తుంది. 230 వోల్టులను 1000 ఓమ్‌లతో భాగిస్తే 0.23 ఆంపియర్, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల వద్దనే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలడం కష్టమవుతుంది. 30 మిల్లీ ఆంపియర్లను మించిన ప్రవాహం శరీరంలో కొంతసేపు కొనసాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అటువంటపుడు 230 మిల్లీ ఆంపియర్లు ఎంతటి ప్రాణాంతకమో ఊహించవచ్చు. ఏటా వానకాలంలో ఇనుప స్తంభాన్నో, బట్టలారవేసే దండెపు తీగనో తాకి ప్రాణాలు కోల్పోయినవారి వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వారిలో చాలామంది చేసిన పొరపాటు ఏమీ లేదు. రోజూ ముట్టుకునే వస్తువునే ఆనాడూ ముట్టుకున్నారు. ఎక్కడో చెదిరిన తీగతొడుగు గుండా విద్యుత్తు ఆ వస్తువులోకి చేరిందన్న సంగతి వారికి తెలియదు.

ఇదే లెక్కను 12 వోల్టులకు వేసి చూద్దాం. 12 వోల్టులను 1000 ఓమ్‌లతో భాగిస్తే 12 మిల్లీ ఆంపియర్లు మాత్రమే వస్తుంది. ఇది బాధ కలిగించవచ్చునేమో గాని, సాధారణంగా ప్రాణాలను హరించే స్థాయికి చేరదు. పైగా వోల్టేజి తగ్గినకొద్దీ చర్మం చూపే నిరోధం కొంత పెరుగుతుంది. మనుషులు నీటిలో ఉండగా వెలిగే ఈతకొలను దీపాలకు సైతం 12 వోల్టులకు మించని ఏకాంతర విద్యుత్తునే అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతించడానికి కారణం ఇదే. పిల్లలు ఆడుకునే ముంగిలికి, మొక్కలకు నీరు పోసే పెరటికి ఇంతకన్నా తగిన విద్యుత్తు వేరొకటి ఉండదు.

వోల్టేజి తగ్గే విధానం

230 వోల్టులను 12 వోల్టులుగా మార్చే సాధనం ట్రాన్స్‌ఫార్మర్. తెలుగులో దీనిని పరివర్తకం అంటారు. 1831లో మైకేల్ ఫారడే ప్రయోగపూర్వకంగా నిరూపించిన విద్యుదయస్కాంత ప్రేరణ దీనికి ఆధారం. దీనిలో ఒక ఇనుప దిమ్మ చుట్టూ రెండు తీగచుట్టలు ఉంటాయి. మొదటిదానిలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించినపుడు ఇనుములో అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటుంది. ఆ మార్పు వలన రెండవ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మొదటి చుట్టలో సుమారు 19 చుట్లకు రెండవదానిలో 1 చుట్టు చొప్పున ఉంటే 230 వోల్టులు 12 వోల్టులవుతాయి.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉంది. ఈ రెండు చుట్టలకూ నడుమ తీగ సంబంధం లేదు. శక్తి అయస్కాంత మార్గంలో దాటుతుంది గాని, 230 వోల్టుల తీగ తోటలోకి రానే రాదు. దీపాలకు ప్రాణరక్షక గుణం ప్రధానంగా ఈ ఎడబాటు వలననే వచ్చింది. కనుక రెండు చుట్టలూ వేరువేరుగా ఉండి, వాటి మధ్య గట్టి బంధక పదార్థం ఉన్న రక్షణ ట్రాన్స్‌ఫార్మర్‌నే కొనాలి. ఒకే చుట్టతో పనిచేసే చౌకరకం పరికరాలు వోల్టేజిని తగ్గించినా ఈ రక్షణను ఇవ్వలేవు.

ఎల్.ఇ.డి. స్వభావం కూడా ఈ వ్యవస్థకు చక్కగా ఒదుగుతుంది. తెల్లని కాంతినిచ్చే ఒక్కొక్క డయోడు సుమారు 3 వోల్టులతోనే వెలుగుతుంది. మూడింటిని వరుసగా కలిపితే 9 లేదా 10 వోల్టులు చాలు. నిజానికి మన గదిలో 230 వోల్టులకు తగిలించే ఎల్.ఇ.డి. బల్బులో సైతం డయోడులకు తగినట్లుగా విద్యుత్తును మార్చే చిన్న పరికరం దాగి ఉంటుంది. ఆ మార్పు ఇంటి గోడ లోపల జరగడం మేలా, తడిసే తోటలో ప్రతి దీపంలోనూ జరగడం మేలా అన్నదే ప్రశ్న.

అయితే అల్ప వోల్టేజి అంటే అపాయమే లేదని భ్రమపడరాదు. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వచ్చేది 230 వోల్టులే గనుక దానిని వాన తగలని చోట, నీరు నిలవని ఎత్తులో అమర్చాలి. ఆ వైపున భూసంధానం, అనగా ఎర్తింగ్, సక్రమంగా ఉండాలి. విద్యుత్తు దారి తప్పినపుడు సరఫరాను క్షణంలో నిలిపివేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చు ఉండాలి. 12 వోల్టుల వైపున రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే పెద్ద ప్రవాహం పారి, తీగ వేడెక్కి మంట పుట్టవచ్చు. కనుక అటువైపు కూడా ఫ్యూజు తప్పనిసరి.

తీగ పొడవు - తరిగే కాంతి

అల్ప వోల్టేజికి ఒక బలహీనత ఉంది. 5 వాట్ల దీపాలు ఆరింటిని ట్రాన్స్‌ఫార్మర్‌కు 30 మీటర్ల దూరాన, తోట చివర అమర్చామనుకొందాం. మొత్తం 30 వాట్లు. 12 వోల్టుల వద్ద వాటికి కావలసిన ప్రవాహం 2.5 ఆంపియర్లు. విద్యుత్తు వెళ్లి రావాలి గనుక తీగ పొడవు 60 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అంత పొడవులో సుమారు 0.7 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. 2.5ను 0.7తో గుణిస్తే 1.75. అనగా దారిలోనే 1.75 వోల్టులు ఖర్చయి, దీపాలకు చేరేది సుమారు 10.25 వోల్టులు మాత్రమే. తోట మొదట ఒక దీపం ఉంటే అది వెలుగులు చిమ్ముతుంది, చివరివి మసకబారుతాయి. అదే 230 వోల్టులయితే ఈ నష్టం పదో వంతు వోల్టు కూడా ఉండదు.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం సుమారు 0.7 వోల్టుకు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను దీపాలకు వీలైనంత దగ్గరగా ఉంచవచ్చు. తీగను ఒక చివరనుంచి కాక దీపాల వరుసకు మధ్య భాగంలో కలపవచ్చు. అన్నింటికన్నా మంచి ఉపాయం దీపాల వాట్లను తగ్గించడం. చిన్న దీపానికి చిన్న ప్రవాహం చాలు, చిన్న ప్రవాహానికి నష్టమూ స్వల్పమే.

ఉప్పుగాలి - ఉక్కునగరం

ఇనుమును కరిగించి ఉక్కు చేసే విశాఖలో ఇనుమును అన్నింటికన్నా త్వరగా తినివేసేది సముద్రపు గాలి. ఆ గాలిలోని ఉప్పు కణాలు లోహంపై తేమను పట్టి ఉంచి తుప్పును వేగవంతం చేస్తాయి. రంగు వేసిన ఇనుప దీపస్తంభం రెండు మూడు వానకాలాలు గడిచేసరికి అడుగున పెచ్చులూడుతుంది. తీరనగరంలో తోటదీపాలకు ఇత్తడి, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఎండకు పెళుసెక్కని గట్టి ప్లాస్టిక్ మేలైనవి. రాగి తీగను అల్యూమినియం తీగతో నేరుగా మెలిపెట్టి కలపరాదు. రెండు భిన్న లోహాలు తడిలో కలిస్తే ఆ అతుకు త్వరగా క్షీణిస్తుంది. అతుకులను నీరు చొరని పెట్టెలలో ఉంచాలి.

దీపం పెట్టెపై ఐ.పి. అనే అక్షరాల పక్కన రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి అంకె ధూళినుంచి, రెండవ అంకె నీటినుంచి రక్షణను సూచిస్తుంది. ఐ.పి. 65 అంటే ధూళి చొరదని, అన్ని వైపులనుంచి నీటిధార తగిలినా చెడదని అర్థం. ఐ.పి. 67 అంటే 1 మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకొంటుందని అర్థం. గోడపై దీపానికి మొదటిది, నేలలో పాతే దీపానికి రెండవది తగినవి. ఓడరేవు పరిసరాలలో బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి దీపం గాజుపై పేరుకొని వెలుతురును తగ్గిస్తుంది. అపుడు కొత్త దీపం కొనడంకన్నా ముందు చేయవలసిన పని తడిగుడ్డతో గాజును తుడవడం. అయితే తుడిచే ముందు స్విచ్చు ఆపడం మరువరాదు.

వెలుతురుకు హద్దు

దీపం ఎక్కడ ఉండాలని ఆలోచించేటప్పుడు కాలు ఎక్కడ పడుతుందని ఆలోచించాలి. మెట్లు, దారి మలుపు, నీళ్లతొట్టి, గేటు తాళం - వెలుతురు నిజంగా కావలసిన చోట్లు ఇవే. వీటికి 2 నుంచి 5 వాట్ల దీపాలు చాలు. దీపం కంటికి కనబడకూడదు, అది వెలిగించిన నేల కనబడాలి. కళ్లలో పడే మిరుమిట్ల వలన కనుపాప ముడుచుకొని, పక్కనున్న నీడలు మరింత నల్లబడతాయి. ప్రహరీపై పెద్ద దీపం వెనుక నిలిచిన మనిషి మనకు కనిపించడు. అందువలన ఎక్కువ కాంతి ఎల్లప్పుడూ ఎక్కువ భద్రత కాదు. పైన మూత ఉండి, కాంతిని కిందికి మాత్రమే వదిలే దీపం ఉత్తమం. నీలిరంగు ఎక్కువగా ఉండే తీవ్రమైన తెల్లని కాంతికన్నా 2700 కెల్విన్ల పసుపు ఛాయ వెలుతురు కంటికి హాయి. దానికి పురుగులు కూడా తక్కువగా మూగుతాయి.

విశాఖ తీరంలో ఈ హద్దు అవసరం మనుషులతో ఆగదు. ఏటా చలికాలం చివరినుంచి వేసవి వరకు ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెడతాయి. దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అవి ఎక్కువగా రాత్రివేళనే ఇసుకను చీల్చుకొని వస్తాయి. వాటికి దారి చూపే తల్లి అక్కడ ఉండదు. నల్లని నేలకన్నా ఆకాశకాంతితో మెరిసే సముద్రం వైపు నడవడమే వాటికి తెలిసిన విద్య. లక్షల ఏళ్లుగా ఆ విద్య వాటిని మోసగించలేదు. ఇపుడు తీరం వెంట మేడలు, విడిదిళ్లు సముద్రానికి ఎదురుగా వెలిగించే దీపాలు ఆకాశకాంతికన్నా ప్రకాశవంతంగా ఉన్నాయి. దారితప్పిన పిల్లలు సముద్రానికి వీపు చూపి రోడ్డు వైపు పాకుతాయి. తెల్లవారేసరికి ఎండకో, వాహనాలకో, కుక్కలకో, కాకులకో బలి అవుతాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేళ్లకు అత్యున్నత రక్షణ కల్పించింది. అటవీశాఖవారు గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాలలో పొదిగించి, పిల్లలను సముద్రంలో విడిచిపెడుతున్నారు. వారి కంటపడని గూళ్లకు రక్షణ తీరవాసుల చేతిలోనే ఉంది. సముద్రం వైపు దీపాలను ఆపడం, ఆపలేనివాటికి మూత తొడగడం, తప్పనిచోట ముదురు పసుపు లేదా ఎరుపు ఛాయ దీపం వాడటం - ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. ఒక స్విచ్చు నొక్కితే కాపాడగలిగిన ప్రాణాలు ఇవి.

పొదుపు - ఆపత్కాలం

ఇక ఖర్చు సంగతి చూద్దాం. 150 వాట్ల హాలోజన్ దీపం రోజుకు 6 గంటలు వెలిగితే నెలకు 27 యూనిట్లు ఖర్చవుతాయి. 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు ఆరు అంతేసేపు వెలిగితే 5.4 యూనిట్లు. ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత నష్టం కలుపుకొన్నా 6 లేదా 7 యూనిట్లకు మించదు. రాత్రి పదింటికి దానంతటదే ఆరిపోయే టైమరు అమర్చితే ఇంకా తగ్గుతుంది. విశాఖ సమీపంలోని పరవాడ వద్ద సింహాద్రి విద్యుత్ కేంద్రం బొగ్గును మండించి విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నది. మనం ఆపిన ప్రతి దీపం ఎక్కడో కొంత బొగ్గును మండకుండా ఆపినట్లే.

మరొక మేలు హుద్‌హుద్ వంటి రాత్రులలో తెలిసివస్తుంది. 12 వోల్టులు సాధారణ బ్యాటరీ వోల్టేజి. ఏకముఖ విద్యుత్తుతో పనిచేసే దీపాలను ఎంచుకొని, ఒక చిన్న సౌరఫలకాన్ని, బ్యాటరీని, వాటి నడుమ ఛార్జి నియంత్రకాన్ని, ఫ్యూజును అమర్చుకొంటే ట్రాన్స్‌ఫార్మర్ అవసరమే ఉండదు. ఊరంతా తీగలు తెగి చీకటిలో ఉన్నపుడు ఆ ఇంటి మెట్ల దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇరుగుపొరుగువారికి అది దారి చూపుతుంది.

ముగింపు

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు చెప్పారు. ఈనాడు దీపాన్నే చక్కబెట్టుకోవలసిన అవసరం ఏర్పడింది. ఎంత వెలుతురు కావాలి, ఎక్కడ కావాలి, ఎంతసేపు కావాలి అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకొన్న తరువాతనే దీపం కొనాలి. తులసికోట ముందు ప్రమిద వెలిగించినవారు ఈ ప్రశ్నలు అడగలేదు. నూనె విలువ తెలుసు గనుక వారికి ఆ అవసరం కలగలేదు. స్విచ్చు నొక్కితే వచ్చే వెలుతురుకు విలువ కట్టడం మనం నేర్చుకోవాలి. మన గడపను వెలిగిస్తూ, ముట్టుకున్న చేతిని కాపాడుతూ, తీరాన పుట్టిన చిన్నప్రాణికి సముద్రపు దారిని దాచకుండా ఉండే దీపమే మంచి దీపం.

అభ్యాసం

1. సంప్రదాయ దీపాలలో రచయిత గుర్తించిన వివేకం ఏమిటి?
2. తడిసిన నేలపై 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాంతకం కావడానికి, 12 వోల్టుల విద్యుత్తు సాధారణంగా కాకపోవడానికి కారణాలను లెక్కతో వివరించండి.
3. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గించడంతోపాటు ఏ విధంగా రక్షణ కల్పిస్తుంది?
4. "ఎక్కువ కాంతి ఎల్లప్పుడూ ఎక్కువ భద్రత కాదు." ఈ వాక్యాన్ని సమర్థించండి.
5. తీరంలోని దీపాల వలన తాబేలు పిల్లలకు కలిగే ఆపదను, దాని నివారణోపాయాలను తెల్పండి.
6. మీ ఇంటి ముంగిలిలో లేదా మీ కళాశాల ఆవరణలో ఉన్న దీపాలను ఒక రాత్రి పరిశీలించండి. అవసరమైనవి ఏవో, అనవసరమైనవి ఏవో, ప్రమాదకరమైనవి ఏవో ఒక పుటలో రాయండి.